మొదటి ప్రపంచ యుద్ధం పుస్తకాన్ని అరవయ్యో పేజీ దాటించడం ఎలా

మొదటి ప్రపంచ యుద్ధం మీద ఇంగ్లీషులో వచ్చిన లావుపాటి పుస్తకం ఒకటి కొంటారు. రెండు రోజులు జోరుగా సాగుతుంది. సరయేవో వీధి, కారులో యువరాజు, పిస్తోలు పట్టుకున్న కుర్రాడు, అంతా కళ్ల ముందు కదులుతుంది. ఆ తర్వాత ఆస్ట్రియా విదేశాంగ మంత్రి వస్తాడు, రష్యా విదేశాంగ మంత్రి వస్తాడు, సెర్బియా ప్రధాని, జర్మన్ ఛాన్సలర్ వస్తారు. ఎవరు ఎవరికి ఏం కబురు పంపారో గుర్తుండదు. అరవయ్యో పేజీలో బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి మూసేస్తారు. ఆ టికెట్టు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది.

నేను రెండు పుస్తకాలు అలా వదిలేశాను. మూడోసారి చదివే తీరు మార్చుకున్నాక పుస్తకం కదిలింది. ఆ తీరే ఇక్కడ వరసగా రాస్తున్నాను. విశాఖలో ఉండి చదివేవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను, ఎందుకంటే ఆ యుద్ధాన్ని అర్థం చేసుకోవడానికి అక్కరకొచ్చేవి ఈ ఊళ్లోనే చాలా ఉన్నాయి.

1. ముందు రెండు యుద్ధాలనీ విడదీయండి

మన ఊళ్లో పెద్దవాళ్లకి యుద్ధం అనగానే గుర్తొచ్చేది జపాన్ బాంబులు. మా మామ్మ వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి. "యుద్ధంలో ఇంటికి తాళం వేసి అనకాపల్లి పోయామురా, కోడిపిల్లల్ని గంపలో పెట్టుకుని మరీ పోయాం" అని చెప్పేది. అది మొదటి యుద్ధమే అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న, రెండో ప్రపంచ యుద్ధంలో. అప్పటి జపాన్ బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో చూడొచ్చు.

ఈ తేడా ముందే స్థిరపడకపోతే చదివేటప్పుడు బుర్రలో తప్పు బొమ్మలు వస్తాయి. 1914 ఆగస్టులో సైన్యాలు కదిలింది ప్రధానంగా రైళ్ల మీద, గుర్రాల మీద, కాలినడకన. ఓడలు బొగ్గుతో నడిచేవి. విశాఖకి అప్పటికి హార్బరే లేదు. ఓడ దూరంగా లంగరేస్తే పడవలు వెళ్లి సరుకు దింపుకొచ్చేవి. లోపలి హార్బరులోకి మొదటి ఓడ వచ్చింది 1933 అక్టోబరు 7న. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్, 1923లో మొదలైంది. అప్పుడు సింహాసనం మీద ఉన్న కింగ్ జార్జ్, అంటే ఐదో జార్జ్, మీరు చదవబోయే పుస్తకంలో ఒక పాత్ర. మన జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక భాగం.

ఒక నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీలో ఈ తేదీలు రాసుకోండి. 1914 జూన్ 28: సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. జులై 28: సెర్బియా మీద ఆస్ట్రియా-హంగరీ యుద్ధ ప్రకటన. ఆగస్టు 4: బ్రిటన్ దిగింది, దానితో పాటు మనమూ, మనల్ని ఎవరూ అడక్కుండానే. 1916: ఫ్రాన్స్‌లో వెర్డన్, సోమ్ యుద్ధాలు. 1917: రష్యాలో విప్లవం, అమెరికా ప్రవేశం. 1918 నవంబరు 11: కాల్పుల విరమణ. 1919 జూన్ 28: జర్మనీతో వెర్సాయ్ శాంతి ఒప్పందం. మొదట్లో ఇవి చాలు.

2. మన సముద్రంతో మొదలుపెట్టండి

యుద్ధం మొత్తాన్ని చెప్పే 600 పేజీల చరిత్రను మొదటి పుస్తకంగా తీసుకోకండి. దాన్ని మూడో పుస్తకంగా చదవండి. మొదటిది సన్నగా ఉండాలి. ఒక ఓడ, ఒక నెల, ఒక పటాలం, ఒక ముట్టడి, ఏదో ఒకదాని మీదే నిలబడ్డ పుస్తకం. విశాఖ పాఠకుడికి నేను చెప్పేది ఎమ్డెన్.

ఎమ్డెన్ ఒక జర్మన్ యుద్ధనౌక. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. 1914 సెప్టెంబరు మొదట్లో, తోడుగా ఇంకో యుద్ధనౌక లేకుండా, బంగాళాఖాతంలోకి వచ్చింది. దానికి మూడు పొగగొట్టాలు ఉండేవి. దూరం నుంచి బ్రిటిష్ ఓడలా కనబడాలని నాలుగోది డమ్మీగా కట్టారు. సెప్టెంబరు 10న ఇండస్ అనే ఓడని పట్టుకున్నారు. మన సైనికుల్ని యుద్ధానికి తీసుకెళ్లడం కోసం సిద్ధం చేసిన ఓడ అది. అందులో బోలెడన్ని సబ్బులు దొరికాయని జర్మన్ నావికులు సంబరపడ్డారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లో కలకత్తా దారిలో ఓడ మీద ఓడ మునిగింది. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు ఎదుట నిలిచి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. మర్నాటి నుంచి జనం వేలల్లో ఊరు విడిచిపోయారు. అక్టోబరు 28న పెనాంగ్ రేవులో రష్యన్ యుద్ధనౌకని ముంచింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ చేతిలో దాని కథ ముగిసింది.

దీన్నే ఎందుకు మొదట చదవమంటున్నానంటే, ఈ కథలో పాత్రలు తక్కువ, మ్యాపు మనకి తెలిసిందే. సాయంత్రం ఆర్కే బీచ్‌లో నిలబడితే దూరంగా లంగరేసిన ఓడలు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి హఠాత్తుగా శత్రువు ఓడ అయితే ఒడ్డున ఉన్న మనిషికి ఎలా ఉంటుందో అక్కడ ఊహించుకోవచ్చు. ఈ కథ చదివేటప్పుడు ప్రతి అధ్యాయం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: బొగ్గు ఎక్కడిది? ఎమ్డెన్ ఏ మలుపు తిరిగినా దాని వెనక బొగ్గు అవసరం ఉంటుంది. వెంట మార్కోమానియా అనే బొగ్గు ఓడని తెచ్చుకున్నారు, పట్టుకున్న ఓడల్లోంచీ తోడుకున్నారు. ఈ సంగతి కనిపెట్టాక కెప్టెన్ నిర్ణయాలు సాహసాల్లా కాకుండా లెక్కల్లా కనబడటం మొదలవుతాయి. నాకైతే ఆయన మీద గౌరవం అప్పుడే పెరిగింది.

రెండోది: వార్త ఎంతసేపట్లో చేరింది? ఎమ్డెన్ ఓడల్ని ముంచుతున్న సంగతి కలకత్తా వైపు మోసుకెళ్లింది ఒక ఇటలీ ఓడ. ఇటలీ అప్పటికి తటస్థ దేశం కాబట్టి ఆ ఓడని జర్మన్లు వదిలేశారు. (ఇటలీ యుద్ధంలోకి దిగింది 1915 మేలో, బ్రిటన్ పక్షాన.) కోకోస్ దీవుల్లోని వైర్‌లెస్ స్టేషన్ ఆఖరి నిమిషంలో పంపిన కబురే ఎమ్డెన్ కొంప ముంచింది. ఈ రెండు ప్రశ్నలనీ సన్న పుస్తకంలో అలవాటు చేసుకుంటే, తర్వాత లావు పుస్తకంలో ఫ్రాన్స్ సరిహద్దు మీద లక్షల మంది కదులుతున్నప్పుడూ అవే పనికొస్తాయి. అక్కడ బొగ్గు బదులు గుర్రాల దాణా, గుళ్లు, రైలు పట్టాలు ఉంటాయి, అంతే.

3. మ్యాపు, పేర్లు, వరసలు

పుస్తకంలో ఇచ్చే మ్యాపు సాధారణంగా మీకు కావలసిన పేజీకి వంద పేజీల ముందు ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి, లేదా జిరాక్సు తీయించి మడతపెట్టి పుస్తకంలోనే ఉంచండి. మారిన పేర్లు దాని మీద రాసుకోండి. మెసొపొటేమియా అంటే ఇప్పటి ఇరాక్. లెంబెర్గ్ ఇప్పుడు ఉక్రెయిన్‌లోని లివీవ్. సెయింట్ పీటర్స్‌బర్గ్ పేరుని యుద్ధం మొదలైన వెంటనే పెట్రోగ్రాడ్ అని మార్చారు, రెండూ ఒకే ఊరు. రష్యా పాత క్యాలెండరు మన లెక్కకి 13 రోజులు వెనక ఉండేది. అందుకే అక్టోబరు విప్లవం నవంబరు 7న వస్తుంది. తేదీ తప్పు పడిందేమో అని కంగారు పడొద్దు.

పేర్ల దగ్గర తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషు పుస్తకాలు బ్రిటిష్ రాజు, జర్మన్ కైజర్, రష్యా జార్ ముగ్గురూ "కజిన్స్" అని చెప్పి వదిలేస్తాయి. ఆ ఒక్క మాటతో ఏమీ అర్థం కాదు. మన వరసల్లో పెట్టి చూడండి. కైజర్ విల్‌హెల్మ్ తల్లి, ఐదో జార్జ్ తండ్రి సొంత అక్కాతమ్ముళ్లు. అంటే విల్‌హెల్మ్ జార్జ్‌కి మేనత్త కొడుకు, వయసులో పెద్ద, బావ. జార్జ్ తల్లి, జార్ నికొలస్ తల్లి అక్కాచెల్లెళ్లు. అంటే నికొలస్ పిన్ని కొడుకు, తమ్ముడు. ఇక నికొలస్ భార్య అలెగ్జాండ్రా తల్లి, విల్‌హెల్మ్ తల్లి కూడా అక్కాచెల్లెళ్లే. అంటే విల్‌హెల్మ్‌కి ఆవిడ చెల్లెలి వరస, జార్ ఆ చెల్లెలి మొగుడు. 1914 జులై చివర్లో కైజర్, జార్ ఇంగ్లీషులో టెలిగ్రాములు పంపుకుంటూ కింద విల్లీ, నిక్కీ అని సంతకాలు చేశారు. చెల్లెలి మొగుడితో యుద్ధం ఆపడానికి టెలిగ్రాములు నడిపిన మనిషి అనుకుని ఆ పేజీలు చదవండి, మరిచిపోమన్నా మరిచిపోరు.

మిగతా మంత్రులూ జనరళ్లూ అందరినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పేరు మూడోసారి వచ్చినప్పుడు నోటుబుక్కులో ఎక్కించండి. ఒక్కసారి వచ్చి పోయేవాళ్లని వదిలేయండి.

4. అంకెల దగ్గర ఆగండి

ఇక్కడ తొందరపడితే పుస్తకం మొత్తం తప్పుగా అర్థమవుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "క్యాజువాల్టీస్". దీన్ని చనిపోయినవాళ్లు అని అనువదించుకునేవాళ్లు చాలామంది. కాదు. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు అందరూ కలిసిన లెక్క అది. 1916 జులై 1న సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యం క్యాజువాల్టీలు 57,470. అందులో చనిపోయినవాళ్లు 19,240. రెండో అంకె చిన్నదేమీ కాదు. ఒక్క రోజులో, అదీ ఎక్కువమంది పొద్దుటి పూటే. కానీ రెండింటినీ కలిపేస్తే మీరు మూడు రెట్లు తప్పు చెప్పినట్టు.

మిలియన్ కనబడగానే పది లక్షలు అని పక్కన రాయండి. యుద్ధం కోసం దేశం దాటి వెళ్లిన భారతీయులు పది లక్షలకు పైనే. తిరిగి రానివాళ్లు దాదాపు 74 వేల మంది. మిలియన్ అన్నప్పుడు కంటి ముందు నుంచి జారిపోయేది, లక్ష అన్నప్పుడు నిలబడుతుంది.

సైన్యం కొలతలు కూడా ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. బెటాలియన్ అంటే సుమారు వెయ్యి మంది. మన పటాలం ఆ మాట బంధువే. నాలుగు బెటాలియన్లు ఒక బ్రిగేడ్. మూడు బ్రిగేడ్లూ ఫిరంగులూ తోడైతే డివిజన్, పది నుంచి ఇరవై వేల మంది దాకా. "ఆ డివిజన్ నాశనమైంది" అని చదివినప్పుడు ఒక మాదిరి ఊరు ఊరంతా అనుకోండి.

ఇంకో మాట ఆర్మిస్టిస్. అది కాల్పుల విరమణ మాత్రమే, శాంతి ఒప్పందం కాదు. రెండింటి మధ్యా ఏడు నెలలకు పైగా గడిచింది.

5. "ఈయనకి ఇది ఎలా తెలిసింది?"

నేను మార్చుకున్న తీరులో అసలు సంగతి ఇదే. మిగతావన్నీ దీనికి తోడు.

జనరంజకంగా రాసే చరిత్రకారులు నవలాకారుల పనిముట్లు వాడతారు. తప్పేం లేదు, అందుకే మనం చదవగలుగుతున్నాం. అయితే ఒక జనరల్ తెల్లవారుజామున కిటికీ దగ్గర నిలబడి తన కొడుకుని తలుచుకున్నాడని రాస్తే, ఆ సంగతి రచయితకి ఎవరు చెప్పారు? రెండు గుర్తులు పెట్టుకుని చదవండి, ఒకటి మీరు చదువుతున్న పేజీలో, ఇంకోటి చివరన నోట్సు పేజీల్లో. బొమ్మ కట్టినట్టున్న వాక్యం రాగానే వెనక్కి వెళ్లి చూడండి. ఆ రోజే రాసుకున్న డైరీ ఆధారమైతే పక్కన టిక్కు పెట్టండి. పదేళ్ల తర్వాత ఆయనే రాసుకున్న ఆత్మకథ ఆధారమైతే సున్నా చుట్టండి, ఎందుకంటే ఓడిన సేనాపతులూ గెలిచిన సేనాపతులూ ఆత్మకథల్లో తమ పక్షాన వాదించుకున్నారు. ఏ ఆధారమూ ఇవ్వకపోతే ప్రశ్నార్థకం. "మస్ట్ హావ్", "పర్‌హాప్స్", "నో డౌట్" అన్న మాటలు వచ్చిన చోట రచయిత ఊహిస్తున్నాడని తనే ఒప్పుకుంటున్నాడు, అక్కడా ప్రశ్నార్థకమే. పెన్సిలే వాడండి, లైబ్రరీ పుస్తకమైతే గుర్తులు నోటుబుక్కులో పెట్టండి. ఇరవై పేజీలు ఇలా చదివాక రచయిత నాణ్యత మీకే తెలిసిపోతుంది. ప్రశ్నార్థకాలు మరీ ఎక్కువైతే పుస్తకం మార్చేయండి.

ఎమ్డెన్ కథలోనే రెండు ఉదాహరణలున్నాయి. మద్రాసు మీద పేల్చిన గుళ్లు 125 అని ఒక చోట ఉంటుంది, 130 అని ఇంకో చోట ఉంటుంది. ఇలాంటప్పుడు రెండూ రాసుకుని ముందుకి పొండి, కథ మారదు. రెండోది మారుతుంది. చెంపకరామన్ పిళ్లై అనే స్వాతంత్ర్య విప్లవకారుడు ఆ రాత్రి ఎమ్డెన్ మీదే ఉండి మద్రాసు మీద దాడి చేయించాడని దక్షిణాదిలో గట్టి నమ్మకం ఉంది. వ్యాసాల్లో కూడా వస్తుంటుంది. ఆధారం అడిగితే ఏదీ నిలబడదు. ఆ రోజుల్లో ఆయన యూరప్‌లో ఉన్నాడు. జ్యూరిచ్‌లో, తర్వాత బెర్లిన్‌లో. ఆయన చేసిన పని దీనివల్ల చిన్నబోదు. కానీ మనకి ఇష్టమైన కథ దగ్గరే ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. నాకు అది కష్టమనిపించింది, అయినా అడగాలి.

సిపాయిల ఉత్తరాల దగ్గర ఈ ప్రశ్న ఇంకా లోతుకి పోతుంది. ఫ్రాన్స్‌లో ఉన్న మన సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలు ఈనాటి పుస్తకాల్లో తరచూ కనిపిస్తాయి, చదువుతుంటే గుండె పట్టేస్తుంది. కానీ ఆ ఉత్తరం మన దాకా వచ్చిన దారి చూడండి. సిపాయిల్లో చాలామందికి రాయడం రాదు. పక్కవాడు రాసిపెట్టాడు. దాన్ని బ్రిటిష్ సెన్సార్ ఆఫీసు తెరిచి చదివింది, అందులో కొన్ని ముక్కల్ని ఇంగ్లీషులోకి మార్చి రిపోర్టులో పెట్టింది. ఆ రిపోర్టులు మిగిలాయి, అసలు ఉత్తరాలు చాలావరకు పోయాయి. అంటే మనం వింటున్న గొంతు మూడు చేతులు దాటి వచ్చింది. పైగా తమ ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని సిపాయిలకీ తెలుసు. అందుకే మన సైనికుల్ని మిరియాలనీ, తెల్ల సైనికుల్ని ఎర్ర మిరపకాయలనీ మారు పేర్లతో రాసేవారు. మిరియాలు అయిపోవస్తున్నాయంటే ఊళ్లో ఉన్న తమ్ముడికి అర్థమయ్యేది, సైన్యంలో చేరొద్దని. సెన్సార్‌కీ అర్థమైంది, అందుకే ఆ సంగతి మనకి తెలుస్తోంది.

6. యుద్ధం ఎందుకొచ్చిందన్న అధ్యాయాన్ని ఆఖర్న చదవండి

బస్సు టికెట్టు ఇరుక్కునేది ఈ అధ్యాయంలోనే. మొదటిసారి దాటేయండి. రచయిత నొచ్చుకోడు. సైన్యాలు కదిలిన చోట నుంచి చదివి, మనుషులూ ఊళ్లూ పరిచయమయ్యాక వెనక్కి రండి.

వచ్చాక, ఒకే పుస్తకం చెప్పింది నమ్మకండి. వెర్సాయ్ ఒప్పందం 231వ అధికరణం బాధ్యతని జర్మనీ, దాని మిత్రదేశాల మీద పెట్టింది. తర్వాత చాలామంది, అన్ని దేశాలూ యుద్ధంలోకి జారిపడ్డాయని వాదించారు. 1961లో ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడే తన దేశపు విస్తరణ కాంక్షని బయటపెట్టి పెద్ద దుమారం లేపాడు. 2012లో క్రిస్టఫర్ క్లార్క్ బాధ్యత ఒక్క రాజధానిది కాదని మళ్లీ వాదించాడు. ఇద్దరూ కాగితాలు చూసి రాసినవాళ్లే. నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా రెండు చేసి, ఎవరు ఏ తేదీ నుంచి కథ మొదలుపెట్టారో రాయండి. మొదలుపెట్టే తేదీని బట్టి దోషి మారతాడని మీకే కనబడుతుంది.

7. మనవాళ్లు ఎక్కడున్నారో వెతకండి

పుస్తకం కొనే ముందు వెనక ఇండెక్సు తెరిచి ఇండియా అన్న మాట దగ్గర ఎన్ని పేజీల నంబర్లున్నాయో చూడండి. ప్రపంచ యుద్ధం అని పేరు పెట్టి మూడు పేజీలిస్తే, అది పశ్చిమ యూరప్ యుద్ధం పుస్తకం అనుకుని చదవండి. అందులో తప్పు లేదు, కానీ దానితో ఆపకండి.

మన సైన్యం మార్సెయ్ రేవులో దిగింది 1914 సెప్టెంబరు 26న, మద్రాసు మీద గుళ్లు పడ్డ నాలుగు రోజులకి. అక్టోబరు చివరికే బెల్జియంలో కందకాల్లో ఉన్నారు. 1915 మార్చిలో నవ్ షపెల్ దాడిలో ముందున్నారు. మెసొపొటేమియాలో కూత్ పట్టణంలో 1915 డిసెంబరు 7 నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా ముట్టడిలో చిక్కుకుని ఆకలితో లొంగిపోయిన దాదాపు 13 వేల మందిలో ఎక్కువమంది భారతీయులే. లొంగిపోయాక వాళ్లు నడిచిన దారి గురించి చదవడానికి గుండె దిటవు చేసుకోవాలి.

తెలుగువాళ్ల గురించి తక్కువ దొరుకుతుంది. కారణం ఉంది. పంజాబీలూ పఠాన్లూ గూర్ఖాలూ లాంటి కొందరే యుద్ధ జాతులు అన్న సిద్ధాంతంతో బ్రిటిష్‌వాళ్లు 19వ శతాబ్దం చివర్లోనే దక్షిణాది పటాలాల్ని పక్కకి నెట్టారు. అందుకే మద్రాసు ప్రెసిడెన్సీ వాటా చిన్నది. అయినా మద్రాస్ శాపర్లు, అంటే వంతెనలూ దారులూ కట్టే ఇంజనీరు సైనికులు, మెసొపొటేమియాలో ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అని పిలుస్తారు, ఆ ఊరి నుంచి సైన్యంలోకి వెళ్లే అలవాటు మొదటి యుద్ధం నాటి నుంచీ ఉంది. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవు మీదికి పంపిన సుమారు 8 వేల మంది దళంలో మద్రాసు సైన్యపు పటాలాలూ ఉన్నాయి. జర్మన్ పక్షపు వెయ్యి మంది చేతిలో ఆ దళం ఓడిపోయింది. పాత ఇంగ్లీషు పుస్తకాలు సిపాయిలు పారిపోయారని తేల్చేశాయి. వారాల తరబడి ఓడల్లో కుక్కి, ముందు పరిస్థితి ఏమిటో చూసుకోకుండా దింపిన సేనాపతి సంగతి తర్వాతి పుస్తకాలు చెప్పాయి. ఐదో మెట్టులోని ప్రశ్న ఇక్కడ మళ్లీ వేయండి, ఈసారి కోపంతో వేసినా పర్లేదు.

ఇంకో వనరు మన పత్రికలు. ఆంధ్రపత్రిక దినపత్రికగా మద్రాసులో మొదలైంది 1914 ఏప్రిల్ 1న, యుద్ధానికి నాలుగు నెలల ముందు. అంటే తెలుగువాళ్లు ఈ యుద్ధాన్ని రోజూ తెలుగులో చదివారు. పాత సంచికలు డిజిటైజ్ అయ్యాయి. మీ పుస్తకంలో ఏదైనా పెద్ద యుద్ధం రాగానే, దాని తర్వాతి వారం సంచిక చూడండి. సెన్సార్ వడపోసిన వార్తే, అయినా ఆ తెలుగు, ఆ పక్కన ఉండే ధరవరలూ ప్రకటనలూ చూస్తే యుద్ధం అరుగు మీదికి వచ్చి కూర్చుంటుంది.

8. ఊళ్లో చదవడం

కొనే ముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చూడండి. యూనివర్సిటీతో సంబంధం ఉంటే వి.ఎస్. కృష్ణా లైబ్రరీ.

జలాంతర్గాముల అధ్యాయం వచ్చినప్పుడు పుస్తకం మూసి బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసురా జలాంతర్గామిని చూసి రండి. పిల్లల కోసం ఎన్నోసార్లు వెళ్లుంటారు, ఈసారి ఒక్కరే వెళ్లండి. కురుసురా పొడవు 91 మీటర్లు. 1915 మే 7న లూసిటానియాని ముంచి దాదాపు 1,200 మంది చావుకి కారణమైన జర్మన్ యు-20 పొడవు 64 మీటర్లు. కురుసురాలో తల వంచుకుని ఒక గది నుంచి ఇంకో గదిలోకి దూరుతున్నప్పుడు, దీన్ని ఇంకా మూడో వంతు కుదించి, లోపల 35 మందిని పెట్టుకోండి. రెండూ పైన డీజిల్ మీద, నీటి కింద బ్యాటరీల మీద నడిచేవే. ఛార్జింగు కోసం పైకి తేలక తప్పదు. ఆ ఇరుకు చూశాక పుస్తకంలో కెప్టెన్ల టెన్షన్ మాటల్లో కాక ఒంట్లో తెలుస్తుంది.

రోజుకి పదిహేను పేజీలు చాలు. రాత్రి అన్నాలయ్యాక ఆ పదిహేను పేజీలూ ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. చెప్పలేక తడబడ్డ చోటు మర్నాడు మళ్లీ చదవాల్సిన చోటు.

9. ఆఖరి అధ్యాయం తర్వాత

చాలా పుస్తకాలు 1918 నవంబరు 11 ఉదయం పదకొండు గంటలకి ముగుస్తాయి. మన కథ అక్కడ ముగియలేదు. ఆ ఏడాదే వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది, జనాభా లెక్కల్లో అలాంటి దశాబ్దం అదొక్కటే. 1919లో రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. 1922 ఆగస్టు 22న మన ఏజెన్సీలో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడి. ఈ తేదీల్ని మీ మొదటి పేజీ జాబితా కింద మీరే కలపండి.

ఇక ఇంట్లో వెతకండి. తాతల కాలం నాటి ట్రంకు పెట్టెల్లో, దేవుడి గూట్లో, పాత కాగితాల మధ్య పింఛను కాగితమో పతకమో దొరకొచ్చు. ఆ యుద్ధంలో పనిచేసినవాళ్లకిచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, ఒక వైపు ఐదో జార్జ్ తల ఉంటుంది. కూలి దళాల వాళ్లకి కంచుది ఇచ్చారు. చాలా ఇళ్లలో వెండిది కరిగిపోయి గాజులైపోయి ఉంటుంది. దొరికితే మాత్రం చింతపండుతో తోమకండి. అంచు చూడండి. పతకం మందం మీద చుట్టూ సన్నటి అక్షరాలు చెక్కి ఉంటాయి, నంబరు, హోదా, పేరు, పటాలం. పగటి పూట కిటికీ దగ్గర పట్టుకుని ఏటవాలుగా తిప్పితే కనిపిస్తాయి. ఫొటో తీసి, ఆ పటాలం పేరు నోటుబుక్కులో రాసుకోండి. చనిపోయినవాళ్ల పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల ఆన్‌లైన్ జాబితాలో డబ్బు కట్టకుండా వెతకొచ్చు. బతికి వచ్చినవాళ్లయితే ఆ పటాలం ఏ సంవత్సరం ఎక్కడ ఉందో చూడండి. మీరు చదవాల్సిన రెండో పుస్తకం ఏదో అక్కడ తేలుతుంది.